మంగళవారం సమాధి

ఆ ఏడు మా ఆయన నోట్లో మిగిలిన మాట ఒక్కటే. మంగళవారం. మార్చిలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, భాష మొత్తం ఊడ్చుకుపోయి, ఎందుకో ఆ ఒక్క మాటను మాత్రం వదిలేసి వెళ్ళింది. పక్షవాతం వచ్చింది ఆదివారం. మా పెళ్ళయింది శనివారం. మంగళవారానికీ మాకూ ఏ చుట్టరికమూ లేదు. అయినా కాఫీ కావాలన్నా మంగళవారమే, నా మీద కోపం వచ్చినా మంగళవారమే. గొంతు ఎత్తూ దించూ బట్టి అర్థం చేసుకోవాలి. ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని కాబట్టి సగం తెలిసేది. మిగతా సగానికి ఇద్దరం తలలు పట్టుకుని కూర్చునేవాళ్ళం.

సెప్టెంబరు మొదట్లో ఒకరోజు చక్రాల కుర్చీని ఎడమ కాలితో తోసుకుంటూ వంటింట్లోకి వచ్చి గ్యారేజీ వైపు చెయ్యి చూపించాడు.

"మంగళవారం."

"అక్కడేముందయ్యా? కారా? ఎక్కడికి వెళ్దామని?"

"మంగళవారం, మంగళవారం!"

"అరవకు ఎల్డన్, నాకు చెవుడు లేదు. పద."

గ్యారేజీలో మూల ఇనుప చువ్వల కట్ట, తెల్ల ప్లాస్టిక్ పైపులు, కిందటేడు సమాధిరాళ్ళుగా నిలబడిన ప్లైవుడ్ పలకలు. ఆయన చెయ్యి అటే ఉంది. హాలోవీన్, ఆ దెయ్యాల పండగ మాట, నేను ఆ ఏడు ఎత్తకూడదని అనుకున్నాను. ఆయనే ఎత్తాడు.

ఎల్డన్ పావ్లిక్ బతుకంతా హైవే పక్కన హోర్డింగులు నిలబెట్టిన మనిషి. మా ఊరు పోర్ట్ హాలెట్‌లో అక్టోబరు వచ్చిందంటే ఈరీ సరస్సు మీంచి గాలి మొదలవుతుంది. జనం ఇళ్ళ ముందు పెట్టుకున్న దెయ్యాలూ గబ్బిలాలూ వారం తిరక్కుండా పక్క వీధిలో తేలతాయి. మా ముంగిట పెట్టినవి మాత్రం ఇంచీ కదలవు. అవి చూడటానికి పక్క ఊళ్ళ నుంచి కూడా పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళు. కానీ పిల్లలు అసలు వచ్చేది దిష్టిబొమ్మ కోసం. అక్టోబరు ఒకటో తారీఖునే మెట్ల పక్కన కుర్చీలో గడ్డి కూరిన దిష్టిబొమ్మను కూర్చోబెట్టేవాడు. నెలంతా స్కూలుకు వెళ్తూ వస్తూ పిల్లలు దాన్ని చూసి చూసి అలవాటు పడిపోయేవాళ్ళు. పండగ రోజు సాయంత్రం బొమ్మను లోపల పడేసి, అవే బట్టలు, అదే గోనె ముసుగు వేసుకుని, ఒళ్ళో చాక్లెట్ల గిన్నె పెట్టుకుని తాను కూర్చునేవాడు. పిల్లలకు ఈ సంగతి తెలుసు. తెలిసినా ప్రతి ఏడూ ఆ గిన్నెలో చెయ్యి పెట్టేటప్పుడు ఏమూలో బొమ్మేనేమో అనిపిస్తుంది. అప్పుడు లేచేవాడు. ఆ కేకలు సరస్సు దాకా వినిపించేవి.

"ఇదంతా ఎవరు చేస్తారు? నేనా?" అన్నాను. "స్కూలు వంటింట్లో గరిటె తిప్పినదాన్ని. సుత్తి పట్టుకుంటే నా వేలు నేనే చితక్కొట్టుకుంటాను."

"మంగళవారం," అన్నాడు, చాలా మెల్లగా.

గట్టిగా అని ఉంటే కాదనేదాన్ని.

*

ఆయన కుర్చీలో, నేను మోకాళ్ళ మీద. చేతికర్రే ఆయన నోరు. చువ్వను నిటారుగా దిగ్గొడితే తల అడ్డంగా ఊపేవాడు. కర్రతో సరస్సు వైపు చూపించేవాడు, అటు కాస్త వాల్చమని. చువ్వకు పైపు తొడగాలి, పైపుకు పలకను కట్టుతీగతో బిగించాలి. అయ్యాక కుర్చీ తోసుకుంటూ వచ్చి పలక మీద అరచేత్తో రెండుసార్లు కొట్టేవాడు. హోర్డింగు ముఠాలో అది అలవాటట, బాగా నిలబడిందని చెప్పడానికి. సరిగ్గా లేకపోతే కొట్టడు. ఆ పలక వంక చూస్తూ కూర్చుంటాడు. నేను తిట్టుకుంటూ మళ్ళీ పీకి దిగ్గొట్టాలి.

ఒకరోజు పలక వెనక్కి కర్రతో పొడిచి పొడిచి చూపించాడు. వెనకవైపు రంగు వెయ్యలేదని కాబోలు అనుకుని, పలకలన్నిటి వెనకా శ్రద్ధగా నల్లరంగు పూశాను. ఆయన ఆకాశం కేసి చూసి ఊరుకున్నాడు.

మూడోనాడు గాలి వచ్చింది. వాకిట్లోంచి ఒక సమాధిరాయి లేచి, వీధి దాటి వెళ్ళి డెల్మార్ హక్‌స్టెప్ ఇంటి ముందు పడింది. ఎదురింటి డెల్మార్ గాలి నింపే నైలాన్ బొమ్మల భక్తుడు. కాసేపటికి పలక చంకలో పెట్టుకుని వచ్చాడు.

"బర్నీస్, మీ ఇంట్లో ఎవరో లేచిపోయినట్టున్నారు. ఇదిగో వాళ్ళ సమాధి."

"నీ గాలి గుమ్మడికాయకు తగిలిందా?"

"తగలడమా? సుయ్యిమని ప్రాణం పోయింది తల్లీ."

"పగలంతా ఆరేసిన లుంగీల్లా గడ్డిలో పడి ఉండేవి, వాటికీ ప్రాణమేనా!"

వెనక నుంచి ఏదో చప్పుడయింది. ఎల్డన్ నవ్వుతున్నాడు. మొహంలో సగమే నవ్వుతోంది, కానీ మార్చి తర్వాత అదే మొదటిసారి. కర్ర ఎత్తి పలక వెనక చూపించి గాల్లో గుండ్రంగా గీశాడు.

"చిల్లు!" అన్నాడు డెల్మార్. "గాలికి దారి ఇవ్వడానికి చిల్లులు పెట్టమంటున్నాడు. ఇన్నాళ్ళూ నువ్వేం చేశావు?"

"రంగు వేశాను."

డెల్మార్ మెట్ల మీద కూలబడి పడీపడీ నవ్వాడు. వెళ్ళి రంపం తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి పని ముగ్గురిదీ అయింది.

*

ఎల్డన్ చేత కసరత్తులు చేయించడానికి మారిసెల్ అనే అమ్మాయి ఇంటికి వచ్చేది. వేసవంతా ఆమె ముందు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. కాలు ఎత్తమంటే ఎత్తడు. లేవడానికి వంటగట్టు పట్టుకోమంటే దాన్నీ, ఆమెనూ మార్చి మార్చి చూసి కళ్ళు మూసుకునేవాడు. కాలు తిరిగి రావాలంటే ఈ నెలల్లోనే రావాలని ఆమె నాతో వంటింట్లో మెల్లగా చెప్పింది. ఇంకో చలికాలం ఇలా కూర్చునే గడిపితే ఇక కష్టమే అంది.

అక్టోబరు ఒకటిన దిష్టిబొమ్మ చేశాను. ఆయన పాత పని బట్టల్లో గడ్డి కూరి, గోనెసంచి మొహం, తోలు చేతి తొడుగులు పెట్టి కుర్చీలో కూర్చోబెట్టాను. ఎల్డన్ దానికి ఎదురుగా కుర్చీ ఆపుకుని చాలాసేపు చూశాడు. తర్వాత తన గుండె మీద కొట్టుకున్నాడు.

"మంగళవారం."

ఆ మాట ఒక్కటే నాకు నూటికి నూరుపాళ్ళూ అర్థమయింది.

"కూర్చోడానికేం, కూర్చుంటావు. లేవాలి కదయ్యా!"

దిష్టిబొమ్మకు ఎడమ పక్కన, మెట్ల కింద ఒక చోటు కర్రతో చూపించాడు. తన నడుము ఎత్తున చెయ్యి పెట్టి, గాల్లో దేన్నో పట్టుకుని లాగాడు. అక్కడ ఒక సమాధిరాయి కావాలి. ఆయన పట్టుకుని లేచేది.

మారిసెల్‌కు చెప్తే ఆమె మొహం వెలిగిపోయింది. "పెట్టండి. కానీ ఊగకూడదు బర్నీస్. ఒక్కసారి చేతిలో ఊగిందంటే ఆయన ఇంక దేన్నీ నమ్మడు."

డెల్మార్ గొయ్యి తవ్వాడు. మోకాలి లోతు చాలదని ఎల్డన్ తల ఊపితే తిట్టుకుంటూ ఇంకా తవ్వాడు. లావుపాటి ఇనుప గొట్టాలు దించి కాంక్రీటు పోశాం. గొట్టాలకు రెండు వైపులా పలకలు బిగించి, చెయ్యి పట్టుకునే చోట తాడు చుట్టాం. కాంక్రీటు గట్టిపడేదాకా ఎల్డన్ దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఆఖరికి ఒక మధ్యాహ్నం దగ్గరికి వచ్చి, పట్టుకుని గుంజి, అరచేత్తో రెండుసార్లు కొట్టాడు. డెల్మార్ టోపీ తీసి వంగి దండం పెట్టాడు.

సమాధుల మీద రాసే హాస్యాలు ఎప్పుడూ ఎల్డన్‌వే. 'ఇక్కడ పడుకున్నవాడు ఇంకా గురక పెడుతున్నాడు' లాంటివి.

"దీని మీద ఏం రాయను?" అని అడిగాను.

"మంగళవారం."

"సరే. అదే రాస్తా, ఏమనుకున్నావో!"

రాశాను. పెద్ద తెల్ల అక్షరాలతో. చదివి, కళ్ళు తుడుచుకునేంత నవ్వాడు.

మర్నాడు ఎండ బాగా కాసింది. మారిసెల్ ఆయన నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి వెనక నుంచి పట్టుకుంది. ఎల్డన్ ఎడమ చెయ్యి సమాధి మీద పెట్టి, పళ్ళు బిగించి లాగి, లేచాడు. కుడి మోకాలు వణికింది, అయినా నిలబడ్డాడు. నేను ఆయన ముందే ఉన్నాను. మొహం చూడటానికి తల పైకెత్తాల్సి వచ్చింది. ఆయన ఎంత పొడుగో మర్చిపోయాను. నెలల తరబడి పైనుంచే చూస్తున్నాను కదా. సంతోషంతో ఆయన చొక్కా గుండీ పెడుతూ నిలబడ్డాను.

ఆ తర్వాత రోజూ ఎండవేళ లేచాడు. "దూకక్కర్లేదు. మీరు నిలబడితే చాలు, మిగతా అరుపులు పిల్లలే అరుస్తారు," అనేది మారిసెల్. ముందు నిలబడటం, దాని వెనక నడక, నడక వెనక మాట, రైలు పెట్టెల్లా ఒకటి వెనక ఒకటి వచ్చేస్తాయని నేను నమ్మాను. ఆయన కూడా నమ్మాడు.

*

పండగ శుక్రవారం వచ్చింది. పొద్దున్న వాన పడి వెలిసింది, మధ్యాహ్నం నుంచి సరస్సు గాలి. పిల్లలు సాయంత్రం ఫైర్ స్టేషన్ సైరన్ మోగాకనే చాక్లెట్ల కోసం ఇంటింటికీ బయలుదేరాలి, మళ్ళీ సైరన్ మోగగానే ఆపాలి. మా ఊరి కట్టుబాటు అది. కానీ ఎల్డన్ ప్రతి ఏడూ వెలుతురుండగానే కూర్చునేవాడు. బొమ్మ స్థానంలో మనిషి రావడం ఒక్క పిల్లాడు చూసినా నెల రోజుల పని మట్టిలో కలిసిపోతుందని. ఆ ఏడు కూడా అదే పట్టు పట్టాడు. డెల్మారూ నేనూ బట్టలు తొడిగి, ప్యాంటులో మోకాళ్ళ మీద గడ్డి కూరి, చేతుల్లోంచీ మెడలోంచీ గడ్డి పోచలు పైకి కనిపించేట్టు దోపి కూర్చోబెట్టాం. మోకాళ్ళ మీద దుప్పటి కప్పాను. లాగి కింద పడేశాడు. మళ్ళీ కప్పాను. మళ్ళీ పడేశాడు. నిజమే మరి, దిష్టిబొమ్మకు దుప్పటేమిటి?

"చలి చంపుతోంది బర్నీస్," అన్నాడు డెల్మార్.

"నాకు చెప్తావేం, ఆయనకు చెప్పు."

"చెప్పాను. మంగళవారం అన్నాడు."

డెల్మార్ తన ఇంట్లో చాక్లెట్లు పంచడానికి వెళ్ళిపోయాడు. మారిసెల్‌కు తన పిల్లలున్నారు. బెల్టు పట్టుకోవడం నా పని. కుర్చీ వెనక శవపేటిక మూతలా ఒక పలక నిలబెట్టాం. దాని చాటున నల్ల దుప్పటి కప్పుకుని మోకాళ్ళ మీద కూర్చుని, పలక కింద సందులోంచి బెల్టు కొస పట్టుకున్నాను. అలా చాలాసేపు కూర్చున్నాం. నా వేళ్ళే కొంకర్లు పోయాయి. ఆయన కాళ్ళ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

సైరన్ మోగింది. మొదట వచ్చింది పెద్దపిల్లల గుంపు. ప్రతి ఏడూ వచ్చేవాళ్ళే. వాళ్ళందరికీ నేను స్కూల్లో వడ్డించినదాన్నే.

"దగ్గరికెళ్ళకురా, లేస్తాడు."

"లేవడు. నాకు తెలుసు."

"పోయినేడూ ఇలాగే అన్నావు. తర్వాత ప్యాంటు ఎవరు తడుపుకున్నారో చెప్పనా?"

"నోర్ముయ్. చెయ్యి పెడుతున్నా చూడు. ఒకటి... రెండు..."

బెల్టు నా చేతిలో బిగిసింది. పలక పక్క నుంచి ఆయన చేతి తొడుగు కనిపిస్తోంది, సమాధి మీది తాడును పట్టుకుని. గట్టిగా లాగాడు. బెల్టు ఇంకా బిగిసింది. ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు లేస్తాడు అనుకుంటున్నాను. బెల్టు సడలింది.

పిల్లలు కదలకుండా నిలబడి ఉన్నారు, ఎప్పుడెప్పుడు అరుద్దామా అని నోళ్ళు సిద్ధంగా పెట్టుకుని.

"మిస్టర్ పావ్లిక్! మీరేనని మాకు తెలుసు!"

మళ్ళీ బిగిసింది. ఆయన ఊపిరి ముసుగులోంచి నాకు వినిపిస్తోంది. సమాధి వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆయనా కదల్లేదు.

అప్పుడు టామ్సిన్ అనే పిల్ల, స్కూల్లో బంగాళాదుంపలు ఎప్పుడూ రెండోసారి అడిగి పెట్టించుకునే పిల్ల, అంది: "ఒరేయ్, ఆయనకు జబ్బు చేసింది కదా. ఈసారి ఉత్త బొమ్మనే పెట్టుంటారు. ఆయన ఇంక లేవడంట, మా అమ్మ చెప్పింది."

"అయ్యో! ఈ ఇంటికోసమే కదా ఇంత దూరం వచ్చాం."

ఎవడో ఆయన మోకాలు వేలితో పొడిచి చూశాడు. "గడ్డే," అన్నాడు. చాక్లెట్లు తీసుకుని, పోయినేడు ఎవరెలా అరిచారో చెప్పుకుంటూ వెళ్ళిపోయారు.

లేచి వెళ్ళి అరవాలనిపించింది. అది గడ్డి కాదర్రా, మా ఆయన, అని. అరిస్తే ఏమవుతుంది? దిష్టిబొమ్మ పోయి, ముసుగు కింద నోరు వంకరపోయిన ముసలాయన బయటపడతాడు. పిల్లలు పాపం అంటారు. ఆయన దుప్పటి పడేసింది ఆ మాట పడకూడదనే. అందుకని దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత చాలామంది వచ్చారు. ఒక్కో గుంపుకు బెల్టు ఒకసారి బిగిసేది, ముందుకంటే తక్కువగా. కొంతసేపటికి బిగియడం మానేసింది. గాలి మాత్రం హోరుమంటూనే ఉంది. డెల్మార్ నైలాన్ దెయ్యం కంచె మీద పడి కొట్టుకుంటోంది. మా ముంగిట నేను నా చేతులతో నిలబెట్టినవి ఒక్కటీ వంగలేదు.

జనం పలచబడ్డాక ఒక చిన్న పాప వచ్చింది. తేనెటీగ వేషం, వీపున తీగ రెక్కలు. తండ్రి కాలిబాట మీదే ఆగాడు. పాప తిన్నగా వచ్చి గిన్నెలోకి తొంగిచూసింది. భయం లేదు. ఎందుకు భయపడాలో దానికి ఎవరూ చెప్పినట్టు లేదు.

"మంగళవారం!" అన్నాడు ఎల్డన్. అంత గొంతు ఆయనకు ఇంకా ఉందని నాకు తెలియదు.

పాప తల ఎత్తి గోనె మొహంలోకి చూసింది.

"కాదు," అంది. "ఇవాళ శుక్రవారం."

తర్వాత గిన్నెలోంచి ఒకటే చాక్లెట్ తీసుకుంది. తండ్రి "ఏమనాలి?" అని అడిగాడు.

"థ్యాంక్యూ, బొమ్మా," అంది పాప.

సైరన్ మోగింది.

*

ముసుగు తీస్తే జుట్టు నిండా గడ్డి. నా వంక చూడలేదు. చల్లబడిన కాళ్ళు కట్టెల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. డెల్మార్ వచ్చి సాయం పట్టాడు. అతని నోట్లోంచి కూడా ఆ పూట ఒక్క హాస్యం రాలేదు. లోపల వేణ్ణీళ్ళతో కాళ్ళు రుద్దుతూ, "చలి వల్లే ఎల్డన్. ఎండలో రోజూ లేచావు కదా. రేపు చూద్దాం," అన్నాను. నిజమే చెప్పాను. మారిసెల్ కూడా సోమవారం వచ్చి అదే చెప్పింది, ఎంతో ఓపికగా. ఆయన ఇద్దర్నీ మంచి మనుషుల్లాగే చూశాడు. కానీ మళ్ళీ ఆ సమాధి మీద చెయ్యి వెయ్యలేదు. దాని మీదే కాదు, లేవడానికి దేని మీదా వెయ్యలేదు. నవంబరు చివర్లో థ్యాంక్స్‌గివింగ్ పండగ నాటికి ముందుగదిలో కిటికీ పక్కన మంచం వేశాం. మారిసెల్ ఎలా పడుకోబెట్టాలో, ఎలా పక్కకు తిప్పాలో నాకు నేర్పి వెళ్ళిపోయింది. వాకిట్లో నన్ను కౌగిలించుకుని ఏడ్చింది.

ఇనుప చువ్వలు తేలిగ్గానే వచ్చేశాయి. పైపులూ పలకలూ గ్యారేజీలో పేర్చేశాను. ఆ ఒక్కటి రాలేదు. ట్రక్కుకు గొలుసు కట్టి లాగుతానన్నాడు డెల్మార్. కిటికీ అద్దం మీద దబదబ చప్పుడయింది. ఎల్డన్ తల అడ్డంగా ఊపుతున్నాడు. మాట వినిపించలేదు గానీ ఏమంటున్నాడో పెదాలు చూస్తే తెలుస్తోంది.

"ఎందుకట?" అన్నాడు డెల్మార్.

"నాకేం తెలుసు. ఉండనీ."

మంచు పడింది. ఇంటి ముందు మంగళవారం అని రాసిన సమాధిని చూసి కొత్త పోస్టుమాన్ రోజూ ఒక క్షణం ఆగేవాడు. జనవరిలో మెట్లు గాజులా గడ్డకడతాయి. ఉప్పు చల్లడానికి దిగేటప్పుడు నా కాళ్ళ మీద నాకే నమ్మకం ఉండదు. చివరి మెట్టు దగ్గర చెయ్యి చాపితే తాడు చుట్టిన చోటు సరిగ్గా అందుతుంది. నా బరువంతా దాని మీద వేసి దిగుతాను. ఊగదు.

దిగాక అరచేత్తో దాన్ని రెండుసార్లు కొట్టి కిటికీ వైపు చూస్తాను. కొన్ని రోజులు ఆయన చెయ్యి ఎత్తుతాడు. కొన్ని రోజులు ఎత్తడు.